ముప్పావు గంట దూరం

జూన్ 13, శుక్రవారం

ఆశాజ్యోతి ఫొటో పంపింది. నుదుటి మీద కుంకుమ కొత్తగా, కాస్త పక్కకి చెదిరి ఉంది. చేతిలో జాకెట్టు గుడ్డ, తాంబూలం, రెండు అరటిపళ్ళు. కింద ఇలా రాసింది: "వదిన వచ్చి బొట్టు పెట్టి పిలిచి వెళ్ళారక్కా. పొద్దున్న ఫ్లయిట్‌కి వచ్చి సాయంత్రం ఫ్లయిట్‌కి వెళ్ళిపోయారు."

వదిన అంటే మా ఆడపడుచు దుర్గాశ్రీ. పిలిచింది తన కూతురు హర్షిత పెళ్ళికి. దుర్గ ఉండేది రీయూనియన్ దీవిలో. ఆశాజ్యోతీ, మా మరిది ఉదయ్‌భాస్కరూ ఉండేది మారిషస్ దీవిలో. మధ్యలో సముద్రం తప్ప ఏమీ లేదు.

ఆ దీవిలో విమానం ఎక్కి ఈ దీవిలో దిగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌ని అడిగాను. రెండు వందల ముప్పై కిలోమీటర్ల దూరం అంది. ముప్పావు గంట ప్రయాణం అంది. ఇక్కడ రాజమండ్రిలో బస్సెక్కిన మనిషి కాకినాడ చేరేలోపు దుర్గ మరదలింటికి వెళ్ళి వెనక్కి వచ్చేయగలదు. ఊరికే తెలుసుకుందామని అడిగాను.

ఫొటో మా ఆయనకి చూపించాను. అదీ ఊరికే చూపించాను.

జూన్ 14

ఇడ్లీ తింటూ తింటూ ఆపేశారు.

"పెద్దింటికి రాకుండా చిన్నవాడింటికి వెళ్ళిందన్నమాట."

"ఫోన్‌లో చెప్పింది కదండీ, మొన్న మే నెలలోనే."

"చెప్పడం వేరు, పిలవడం వేరు. నీకు తెలీదా ఏంటి?"

తెలుసు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ తెలుసు. మొదటి బొట్టు పెద్దవాళ్ళింట్లో పెట్టాలి. ఆ తరవాతే మిగతా ఊరు. ఫోన్‌లో కబురు చెప్పవచ్చు, ముహూర్తం చెప్పవచ్చు, చీరల రంగులు కూడా చెప్పవచ్చు. పిలవడానికి మాత్రం మనిషి గుమ్మంలోకి రావాలి.

మా స్టీలు సామాన్ల షాపుకి వచ్చే ఆడవాళ్ళు ఒక గరిటె కోసం ముప్పై గరిటెలు దింపించి ఏమీ కొనకుండా వెళ్ళిపోయినా ఆయన నవ్వుతూనే సాగనంపుతారు. ఆ ఓర్పంతా షాపులోనే ఖర్చయిపోతుంది కాబోలు, ఇంటికి ఏమీ మిగలదు.

జూన్ 16

రాత్రి దుర్గ వీడియో కాల్ చేసింది. ఉదయ్ చెప్పి ఉంటాడు, అన్నయ్యకి కోపం వచ్చిందని. కళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళాయనకి మోకాలి ఆపరేషన్ అయి నెల కాలేదు. అత్తగారు మంచం మీద ఉంది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయవచ్చు కదా అని పక్క దీవికి మాత్రం వెళ్ళగలిగానంది. ఇక్కడికి రావాలంటే రానూ పోనూ నాలుగు రోజులట.

"వదినా, నువ్వేం అనుకోకు. ఇదిగో, నీకు ఇప్పుడే బొట్టు పెడుతున్నాను" అంది.

కుంకుమ భరిణె తెచ్చుకుంది. ఉంగరం వేలితో కుంకుమ తీసి ఫోన్ దగ్గరికి తెచ్చింది. నా నుదురు ఎక్కడుందో చూసుకుని అక్కడ అద్దింది. ఫోన్ తెరంతా ఎర్రగా అయిపోయింది. ఆ ఎరుపు వెనకాల నుంచి "తప్పకుండా రావాలి వదినా, అన్నయ్యని తీసుకుని ముందుగా రావాలి" అని గొంతు వినిపిస్తోంది. మనిషి కనపడదు.

నాకు నవ్వొచ్చింది. కాస్త ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఆపుకుని "అలాగే దుర్గా" అన్నాను.

ఆయన పేపర్ దించకుండా, "తన ఫోనుకి పెట్టుకుంది బొట్టు. నీకు కాదు" అన్నారు. దుర్గ విన్నదో లేదో తెలీదు. కెమెరా తుడుచుకుంటోంది అప్పటికి.

జూన్ 17

నాకేం బాధ లేదు.

జూన్ 20

షాపులో ఈ రోజు పని లేదు. హర్షిత సంగతులు రాసి పెడతాను.

హర్షితకి నాలుగేళ్ళప్పుడు దుర్గా వాళ్ళాయనా రీయూనియన్ వెళ్ళారు. ఆయనది యానాం. వాళ్ళ తాతల నాటి నుంచి ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబం. అక్కడ కాస్త నిలదొక్కుకున్నాక పిల్లని తీసుకెళ్తామన్నారు. పిల్ల కాగితాల్లో ఏదో చిక్కు వచ్చింది. ఒక ఏడాది అనుకున్నది ఎనిమిదేళ్ళయింది. ఆ ఎనిమిదేళ్ళూ హర్షిత మా ఇంట్లో పెరిగింది. మాకు పిల్లలు లేరు. ఎవరి పిల్లో ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా స్కూల్లో నన్ను హర్షితా వాళ్ళమ్మ అనేవారు. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

పన్నెండో ఏట వచ్చి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళాలి కదా, వాళ్ళ పిల్ల. ఆ రోజు గురించి రాయను.

ఇప్పుడా పిల్లకి పెళ్ళి. ఆగస్టు 17, ఆదివారం. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళబ్బాయి, తెలుగు ఒక్క ముక్క రాదట. నాకు వెళ్ళాలనేం లేదు. పెళ్ళిళ్ళలో కూర్చుంటే నాకు నడుం నొప్పి.

జూన్ 24

ఉదయ్ ఫోన్ చేశాడు. ఆయన షాపులో ఉంటారని తెలిసి నాకే చేశాడు.

"వదినా, బుట్ట సంగతి ఏం చేద్దాం?"

మా వాళ్ళలో గౌరీపూజ అయ్యాక పెళ్ళికూతుర్ని మేనమామలు వెదురుబుట్టలో కూర్చోబెట్టి మోసుకుని పెళ్ళిపీటల దగ్గరికి తెస్తారు. ఎంత డబ్బున్నా, ఎన్ని హంగులు చేసినా, మేనమామ బుట్ట పట్టకపోతే పిల్ల తల్లికి పుట్టిల్లు లేనట్టే అనుకుంటారు. హర్షితకి మేనమామలిద్దరు. పెద్దాయన ఇక్కడ అలిగి కూర్చున్నారు. చిన్నాయన ముప్పావు గంట దూరంలో ఉన్నాడు.

"నువ్వున్నావు కదా" అన్నాను.

"అన్నయ్య ఉండగా నేనొక్కణ్ణే ఎలా పట్టుకుంటాను? రేపు ఎవరైనా ఏమనుకుంటారు? పెద్దవాడు పోయాడనుకుంటారు. ఆయన రాకపోతే నేను బుట్ట మీద చెయ్యి వెయ్యను వదినా. పెళ్ళికి వెళ్తాను, అక్షింతలు వేస్తాను. బుట్ట మాత్రం పట్టను."

"అయితే పిల్ల నడిచి రావాలా?"

"అన్నయ్యనే అడుగు."

రాత్రి ఆయనతో చెప్పాను. తమ్ముడికి ఉన్న మర్యాద చెల్లెలికి లేకపోయిందన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ముఖంలో సంతోషం లాంటిది కనిపించింది. తమ్ముడు తన కోసం ఆగాడని సంతోషం. పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

జూన్ 26

ఈ రోజుతో ఆషాఢం వచ్చింది. ఇక నెల్లాళ్ళు ఎవరూ ఎవర్నీ శుభకార్యానికి పిలవరు, బొట్టు పెట్టరు. పిలవదలచుకున్నవాళ్ళు నిన్నటిలోపే పిలిచేసి ఉండాలి.

ఆ దీవికి మనకి వీసా కావాలి. హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు ఇచ్చాక పదిహేను ఇరవై రోజులు పడుతుందని ఉదయ్ చెప్పాడు. అంటే ఈ ఆషాఢంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయనేమో "శ్రావణం రానీ, అప్పుడైనా బుద్ధి పుట్టి పిలుస్తుందేమో చూద్దాం" అంటున్నారు. శ్రావణంలో పిలిస్తే మేం వెళ్ళేది పెళ్ళికి కాదు, నిద్రలు అయిపోయాక మిగిలిన లడ్డూలకి.

జూలై 2

షాపులో పనిచేసే సత్తియ్య తగ్గింపు ధరల బోర్డు కట్టాడు. కొనేవాళ్ళు లేరు. ఆయన నాకు లెక్క చెప్పడం మొదలుపెట్టారు. నేను అడగలేదు.

"ఆ దీవి నుంచి ఈ దీవికి ముప్పావు గంటట. అక్కడి నుంచి బొంబాయి ఏడు గంటలు. బొంబాయి నుంచి మన మధురపూడి విమానాశ్రయానికి రెండు గంటలు. అంతా కలిపినా పది గంటలే గాల్లో. అన్నయ్య కోసం పది గంటలు లేవా దానికి?"

అంటే ఆయనా ఫోన్‌ని అడిగారన్నమాట.

"వాళ్ళాయన మంచం మీద ఉన్నారు కదండీ."

"మారిషస్ వెళ్ళినప్పుడు కుర్చీలో ఉన్నాడా?"

ఆయన అన్నది నేను ముందే అనుకున్న మాటే. జూన్ 13న ఆ ఫొటో చూసిన నిమిషంలోనే అనుకున్నాను. తెలుసు కాబట్టే ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఊరికే చూపించాను అని అక్కడ రాసుకున్నాను. ఊరికే చూపించలేదు. నేను అనలేనిది ఆయన అంటారని చూపించాను. ఆయన అన్నారు. ఇప్పుడు ఆపడం నా వల్ల కావడం లేదు.

జూలై 5

హర్షిత ఫోన్ చేసింది. దాని తెలుగు ఇంకా రాజమండ్రిలోనే ఉంది, పన్నెండేళ్ళ పిల్ల తెలుగు.

"అత్తా, మావయ్య అలిగాడంట కదా."

"అలగలేదు. షాపులో పని."

"ఆషాఢంలో స్టీలు ఎవరు కొంటారు, నాకు తెలీదనుకున్నావా?"

నవ్వాను. అది నవ్వలేదు.

"నేను పెళ్ళికొడుక్కి బుట్ట గురించి చెప్పాను. నన్ను మా మావయ్యలు మోసుకొస్తారు, నువ్వు పీటల మీద కూర్చుని ఎదురు చూడాలి అని చెప్పాను. వాళ్ళ ఫ్రెండ్స్ అందరికీ కూడా చెప్పాడు. ఇప్పుడు చిన్న మావయ్యేమో పెద్ద మావయ్య వస్తేనే పట్టుకుంటానంటున్నాడు. అమ్మ రోజూ ఏడుస్తోంది. అత్తా, నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా."

"మరి నువ్వు రావా?"

వీసా దొరకడం కష్టమట అన్నాను. ఆయన తరఫున అబద్ధం ఆడానో, నా తరఫున ఆడానో తెలీదు. అది "సరే అత్తా, తిన్నావా?" అంది. చిన్నప్పుడు నేను దాని మీద కోప్పడినప్పుడు కూడా అలాగే అడిగేది.

జూలై 6

వెళ్ళాలని ఉంది. ఇక్కడ రాయడానికి సిగ్గేముంది? ఆ పిల్ల పెళ్ళి చూడాలని ఉంది.

జూలై 9

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. పట్టిసీమ దగ్గర నీళ్ళు ఎత్తిపోసే మోటార్లు వేశారట. ఇంట్లో మాటల్లేవు.

జూలై 11, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆయన షాపుకి వెళ్ళాక తలంటుకున్నాను. పట్టుచీర కాదు గాని, మంచి చీరే కట్టుకున్నాను. దేవుడి గదిలో కుంకుమ భరిణె తీసుకుని అద్దం ముందు నిలబడ్డాను. మామూలుగా పెట్టుకునే చిన్న బొట్టు కాదు, పిలవడానికి వచ్చినవాళ్ళు పెట్టినట్టు వెడల్పుగా పెట్టుకున్నాను. ఎవరైనా పెడితే కొంచెం పక్కకి చెదురుతుంది. అలా చెదిరేలా కూడా పెట్టాను. బీరువాలోంచి ఒక జాకెట్టు గుడ్డ తీసి, తమలపాకులూ వక్కలూ అరటిపళ్ళూ దానితో కలిపి టీపాయ్ మీద పెట్టాను. ఆశాజ్యోతి ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే.

తన నుదుట తానే బొట్టు పెట్టుకుని, తనని తానే పెళ్ళికి పిలుచుకున్న ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు. అద్దంలో చూడవలసి వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటిది?"

"యానాం నుంచి చిన్నమ్మాయి గారు వచ్చి వెళ్ళారండి. దుర్గా వాళ్ళాయనకి పిన్ని గారు లేరూ, ఆవిడ. దుర్గ తరఫున బొట్టు పెట్టి మనిద్దర్నీ పిలిచి వెళ్ళారు. మీ కోసం చాలాసేపు చూశారు."

ఆయన టీపాయ్ వైపు చూశారు. నా నుదుటి వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఆషాఢంలోనా?" అన్నారు.

అన్నీ ఆలోచించాను, చీర ఆలోచించాను, వక్కలు ఆలోచించాను. రెండు వారాల కిందటే ఆషాఢం వచ్చిందని నా చేత్తోనే రాసుకుని, అది మాత్రం మరిచిపోయాను. ఈ నెలలో గడప దాటి బొట్టు పెట్టే ముత్తయిదువ ఈ రెండు గోదావరి జిల్లాల్లో ఎక్కడా ఉండదు.

ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చి, పీట మీద కూర్చున్నారు.

"యానాం వాళ్ళవి ఫ్రెంచి పద్ధతులు కదా. వాళ్ళకి ఆషాఢం ఉండదేమో" అన్నారు. అని, "పప్పు వెయ్యి" అన్నారు.

పప్పు వేశాను. కొంత కంచం బయట పడింది. ఆయన చూడనట్టు తిన్నారు. చేతులు కడుక్కుంటూ "పిలిచారు కదా, మరి వెళ్ళాలి" అన్నారు.

జూలై 12

సంతోషంగా ఉంది. రాత్రి ఏ ఏ చీరలు తీసుకెళ్ళాలో కూడా ఆలోచించాను.

జూలై 13

ఒక్క పాస్‌పోర్టే అడిగారు. నాది.

"మీది?"

"బొట్టు నీకు పెట్టారు. నువ్వు వెళ్ళు."

"మనిద్దర్నీ పిలిచారని చెప్పానా లేదా?"

"నాతో ఎవరూ అనలేదు. చిన్నమ్మాయి గారు నా కోసం చూశారంటే షాపుకి రావచ్చు కదా. దేవీచౌక్‌లో మన ఇంటి నుంచి షాపు ఎంత దూరం?"

నా అబద్ధాన్ని నాకే అప్పగించారు. అది అబద్ధమని అంటే నేనూ వెళ్ళడానికి లేదు. నిజమని ఒప్పుకుంటే ఆయన్ని పిలవనట్టే. ముప్పై ఏళ్ళు కౌంటర్ వెనక కూర్చున్న మనిషితో బేరం ఆడకూడదు.

జూలై 14

ఆయనతో మాట్లాడటం లేదు. నాలుగు రకాల కూరలు వండి పెట్టి మాట్లాడటం లేదు. ఆయన తిని వెళ్ళిపోతున్నారు.

జూలై 22

హైదరాబాద్ వెళ్ళొచ్చాం. ఒంటరిగా వెళ్తానంటే వినకుండా తోడు వచ్చారు. రైల్లో పై బెర్తు నాకిచ్చి, కాదు కాదు నీకు మోకాళ్ళు నొప్పి అని కిందది ఇచ్చారు.

వీసా ఆఫీసులో నాతో పాటు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. వేలిముద్రలు తీసుకున్న అమ్మాయి "రిలాక్స్‌గా పెట్టండి మేడమ్" అంది నాలుగుసార్లు. బయటికి వచ్చి చూస్తే ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చొక్కా జేబులో నీలం అట్ట కనిపిస్తోంది. ఆయన పాస్‌పోర్టు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నారు. దాన్ని బయటికి తియ్యలేదు. నేను చూశానని ఆయన చూశారు. టీ తాగుదామా అన్నారు.

అప్పుడే అడిగి ఉండవలసింది. "పదండి, మీరూ ఇవ్వండి" అని చెయ్యి పట్టుకుని ఉండవలసింది. నాకు అప్పటికి కోపం తీరలేదు. టీ తాగాను.

జూలై 26

శ్రావణం వచ్చింది. దుర్గ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నేను వస్తున్నానని ఉదయ్ చెప్పాడట. అన్నయ్య రావట్లేదని కూడా చెప్పాడట.

ఆగస్టు 5

వీసా వచ్చింది.

ఆగస్టు 12

రేపు పొద్దున ప్రయాణం. ఇంతవరకూ నేనొక్కదాన్నే పాలకొల్లు దాకా కూడా వెళ్ళలేదు. ఆయన ఒక కాగితం మీద బొంబాయిలో ఏ గేటు, ఎక్కడ అడగాలి, ఏమని అడగాలి అన్నీ రాసిచ్చారు. అడగవలసిన ప్రశ్నలు ఇంగ్లీషులో, పక్కన తెలుగులో. "ఆ దీవి నుంచి ఈ దీవికి ఉదయ్ నీతో వస్తాడు, ముప్పావు గంటే, భయపడకు" అన్నారు.

మీరూ రండి అని ఇంకొకసారి అన్నాను. ఈసారి మామూలుగానే అన్నాను, దెప్పుతూ కాదు.

"ఇప్పుడు వీసా ఎక్కడిది?" అన్నారు. అది నిజమే. నిజమైన కారణం దొరికినందుకు ఆయనకి తేలిగ్గా ఉన్నట్టుంది.

ఆగస్టు 15

విమానంలో రాస్తున్నాను. మారిషస్‌లో బయల్దేరి ఇప్పుడే మబ్బుల మీదికి వచ్చింది. రెండు నెలలుగా నేను తలుచుకుంటున్న ముప్పావు గంట ఇదే. చిన్న విమానం. కిటికీలోంచి చూస్తే ఉత్త సముద్రం. వెనక్కి చూస్తే ఒక దీవి పోతోంది, ముందుది ఇంకా కనపడలేదు.

పక్కన ఉదయ్ నిద్రపోతున్నాడు. నిన్న రాత్రి ఆశాజ్యోతి వాడితో గట్టిగానే అంది, అక్క అంత దూరం నుంచి వచ్చింది, మీరు బుట్ట పట్టుకుంటే ఏం పోయిందని. "అన్నయ్య వైపు ఎవరు పట్టుకుంటారు? ఎవర్నో పెట్టి నిలబడలేను" అన్నాడు. వీడు మంచివాడు. ఆయనా మంచివారే. ఇంతమంది మంచివాళ్ళు కలిసి ఒక పిల్లని నడిపించబోతున్నారు.

ఇంత చిన్న ప్రయాణం అనుకోలేదు. కాఫీ ఇచ్చారు, తాగేలోపు కప్పు తీసుకుపోయారు. దుర్గ ఆ రోజు ఇలాగే వచ్చి ఉంటుంది, ఒళ్ళో కుంకుమ భరిణె పెట్టుకుని. దాని మీద నాకు కోపం లేదు. దానికి చేతికందిన దూరం ఇది. దిగుతున్నాం.

అదే రోజు, దుర్గా వాళ్ళింట్లో

విమానాశ్రయంలో దుర్గ ఎదురొచ్చింది. చిక్కిపోయింది. నన్ను పట్టుకుని ఏడ్చింది, అందరూ చూస్తున్నా ఆగలేదు. తరవాత సంచీలోంచి కుంకుమ భరిణె తీసింది.

"ఇప్పటికైనా నన్ను పెట్టనీ వదినా. నిన్ను పిలవకుండా రప్పించుకున్నాను. నాకు అన్నం సయించట్లేదు."

భరిణె మూత తీసింది. వేలికి కుంకుమ అద్దుకుంది. ఆ వేలు నా నుదుటి దాకా వచ్చింది. రెండు నెలలుగా నాకు కావలసింది ఆ వేలే. ఇక్కడ కూడా కాదంటే ఇంకెక్కడ ఒప్పుకుంటాను?

నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"నాకు పెట్టేశారు దుర్గా."

"ఎవరు?"

"మీ యానాం పిన్నత్తగారు చిన్నమ్మాయి గారు. నీ తరఫున వచ్చి పిలిచారు. మీ అన్నయ్యకి కూడా తెలుసు."

దుర్గ తెల్లబోయి చూసింది. చిన్నమ్మాయి గారు ఏడాదిగా పాండిచ్చేరిలో కొడుకు దగ్గర ఉంటున్నారని అప్పుడు ఉదయ్ అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తెలీదు. మా ఆయనకి తెలిసే ఉంటుంది. ఆయనకి యానాం సంగతులన్నీ తెలుసు.

ఇప్పుడు దుర్గ చేత పెట్టించుకుంటే నేను ఇక్కడికి పిలవని పేరంటానికి వచ్చినట్టు. పెట్టించుకోకపోతే ఆయన ఆ రోజు పప్పు తింటూ ఒప్పుకున్న మాట నిలబడుతుంది. ఎందుకో అది నిలబడాలనిపించింది. దుర్గ ఆ కుంకుమ తన నుదుటికే రాసుకుంది.

ఆగస్టు 16

హర్షిత నా కన్నా పొడుగైంది. రాత్రి నా పక్కనే పడుకుంది.

ఆగస్టు 18

నిన్న రాయలేకపోయాను. కుడి మణికట్టు వాచింది. ఇప్పుడు కూడా మెల్లిగా రాస్తున్నాను.

గౌరీపూజ అయింది. హర్షిత బుట్టలో కూర్చుంది. వెదురుబుట్ట మారిషస్ నుంచి తెప్పించారు, గట్టిదే. పెళ్ళికొడుకు తెర అవతల పీటల మీద ఎదురు చూస్తున్నాడు, వాడి స్నేహితులు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పురోహితుడు గారు "మేనమామలు రావాలి" అన్నారు. ఉదయ్ ముందుకొచ్చాడు, బుట్ట దగ్గర ఆగి చేతులు కట్టుకున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు. "అన్నయ్య వైపు ఖాళీగా ఉంది. నేను పట్టలేను" అన్నాడు. దుర్గ గోడకి తిరిగిపోయింది. పురోహితుడు గారు ముహూర్తం దాటిపోతుందని రెండోసారి అన్నారు. అప్పుడు హర్షిత బుట్టలోంచి లేవడానికి చెయ్యి నేల మీద ఆనించింది. "నేను నడుస్తాను అమ్మా, ఏం కాదు" అంది.

నా చేతిలో అక్షింతల పళ్ళెం ఉంది. దాన్ని పక్కనున్న ఆశాజ్యోతికి ఇచ్చాను. కొంగు నడుముకి దోపుకున్నాను. వెళ్ళి బుట్టకి రెండో వైపు వంగి అంచు పట్టుకున్నాను.

"కూర్చోవే" అన్నాను దానితో. "పట్టుకో ఉదయ్" అన్నాను వాడితో.

"వదినా, నువ్వా?"

"మీ అన్నయ్య వైపే కదా ఖాళీ."

పురోహితుడు గారు మెల్లిగా అన్నారు, "అమ్మా, అది మేనమామలు పట్టవలసింది."

"మేనమామ పంపితేనే వచ్చానండి" అన్నాను.

ఉదయ్ వంగాడు. వెనక ఇద్దరు యానాం కుర్రాళ్ళు చెయ్యి వేశారు. లేపాం.

బరువు. నిజం చెప్పాలంటే చాలా బరువు. జ్వరం వస్తే ఈ పిల్లని ఎత్తుకుని తాడితోట డాక్టరు దగ్గరికి నడిచిన రోజుల్లో ఇంత బరువు లేదు. నాలుగడుగులు వేసేసరికి మోచెయ్యి లాగేసింది. హర్షిత రెండు చేతులతో నా భుజం పట్టుకుంది. "అత్తా, పడేస్తావా?" అంది చెవి దగ్గర. "పడెయ్యను. కదలకు" అన్నాను. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడుకున్నారో వినలేదు. తెర దాకా మోసుకెళ్ళి పీటల మీద దించాం. దించాక నన్ను విడవడానికి దానికి కొంచెంసేపు పట్టింది. నాకు కూడా.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. వెనక షాపు చప్పుడు వినిపిస్తోంది, సత్తియ్య ఎవరికో బిందెలు చూపిస్తున్నాడు. శ్రావణం కదా.

భోజనాలు ఎలా ఉన్నాయన్నారు. చెప్పాను. అబ్బాయి ఎలా ఉన్నాడన్నారు. చెప్పాను. దుర్గ ఆరోగ్యం అడిగారు. చిక్కిందని చెప్పాను.

"బుట్ట ఎవరు పట్టారు?"

"ఉదయ్ ఒక వైపు."

"రెండో వైపు?"

"నేను."

బిందెల చప్పుడు ఒక్కటే వినిపించింది.

"నువ్వా?"

"ఆయ్."

"బరువుగా ఉందా?"

"ఉందండి."

తరవాత అన్నారు, "నేను వచ్చి ఉండాల్సింది అన్నపూర్ణా."

నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ రకం మాట వినలేదు. గొంతు బాగా తగ్గిపోయింది. నాకు జాలేసింది, ఇప్పటికీ వేస్తోంది. అవునండీ, మీరు రావలసింది అని అనడం నా వంతు. ఆ మాట కోసమే ఆయన ఫోన్ పట్టుకుని ఉన్నారని తెలుసు. "వేళకి తినండి, ఎల్లుండి వచ్చేస్తాను" అని పెట్టేశాను.

ఆయన వచ్చి ఉంటే నేను అక్షింతల పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ మధ్య నిలబడి చూసేదాన్ని.